ఆ పిల్లికి మలబద్ధకం కాదమ్మా

అమ్మాయీ,

హైదరాబాదులో పెంపుడు జంతువుల ఎమర్జెన్సీ క్లినిక్‌లో రాత్రి డ్యూటీ చేసే రిసెప్షనిస్టు మీద నువ్వు రాసిన కథ చదివాను. ఆ బల్ల వెనక కూచున్న మనిషిని ఎంచుకున్నందుకే నీ మీద నాకు గురి కుదిరింది. అయితే మూడు పేజీల్లో ఆమె ఐదుసార్లు ఏడ్చింది, ఒక్కసారి కూడా కుక్క బరువెంతో అడగలేదు.

ఫోనెత్తగానే ఆమె నంబరు రాసుకోవాలి. లైను కట్టయితే మళ్లీ చెయ్యాలి కదా. ఆ వెంటనే కుక్కా పిల్లా, స్పృహలో ఉందా, ఊపిరి ఎలా తీస్తోంది, ఎప్పట్నుంచి, బరువెంత. పెదవి ఎత్తి చిగుళ్లు చూడమంటుంది. గులాబీ రంగుంటే నయం. తెల్లగా పాలిపోతే రక్తం పోతోందనో, షాక్‌లోకి వెళ్తోందనో అనుమానించాలి. నీలం తిరిగితే ఆక్సిజన్ అందట్లేదు. పుట్టుకతో నల్ల చిగుళ్లున్న కుక్కయితే కంటి కింది రెప్ప లాగి చూడమంటుంది.

నీ కథకి ప్రాణం ఈ జవాబుల్లో ఉంది. ఇంట్లోవాళ్లు చెప్పేది ఒకటి, లోపల జరిగేది ఇంకొకటి. "మా పిల్లికి మలబద్ధకం అండీ, పొద్దుట్నుంచి ట్రేలో కూచుని ముక్కుతోంది, రేపు తీసుకురానా?" అన్న వాక్యాన్ని నువ్వు అలా దాటించేశావు. అక్కడే ఆగు. "మగదా అండీ? ఉచ్చ పోసిందా? ట్రేలో ఇసుక తడిసిందేమో చేత్తో తాకి చెప్పండి" అని ఆమె చేత అడిగించు. మగపిల్లి మూత్రనాళం బాగా సన్నం. సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు అడ్డుపడితే మూత్రం బిగుసుకుపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. "రేపు వద్దండీ, ఇప్పుడే బయల్దేరండి" అనే ఆ గొంతులో కంగారూ వినపడకూడదు, అనుమానమూ వినపడకూడదు. ఆ గొంతు నీకు దొరికితే ఏడుపులు అక్కర్లేదు.

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రావట్లేదంటే అదీ అంతే. కడుపు మెలిపడి ఉండొచ్చు.

"సగం డోలో వెయ్యండి" అని ఆమె ఫోన్లో చెప్పే వాక్యం తప్పకుండా కొట్టెయ్. పారాసెటమాల్ పిల్లికి విషం. పైగా మందు చెప్పడం ఆ బల్ల పని కాదు. ఎలుకల మందు తిన్న కుక్కకి ఉప్పునీళ్లు పట్టొద్దని, ప్యాకెట్ వెంట తెమ్మని చెబుతుంది. ఒక రకం ఎలుకల మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, దానికి విరుగుడుగా విటమిన్ కె ఉంది. జింక్ ఫాస్ఫైడ్ రకం అయితే కడుపులో విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు.

టీకాల్లేని కుక్కపిల్ల నెత్తుటి విరేచనాలతో వస్తే హాల్లో కూచోబెట్టావు. పార్వో అనే అంటువ్యాధి అనుమానం ఉంటే డాక్టరు పిలిచేదాకా ఆటోలోనే ఉండమంటారు. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి లొంగదు. ఒక వంతు బ్లీచుకి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి తుడవాలి.

చివరి సీనులో కుక్క ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చేముందు "నిద్రపుచ్చుతాం" అనిపించావు. కుట్లు వేసేముందు మత్తిచ్చేటప్పుడూ జనం ఆ మాటే అంటారు. సంతకం పెట్టేవాళ్లు పొరపడితే ఘోరం. "ఈ ఇంజెక్షన్‌తో ప్రాణం పోతుందండీ, నొప్పి ఉండదు" అని మెల్లగా, స్పష్టంగా చెప్పించు. బిల్లూ సంతకాలూ ముందే అయిపోవాలి. ఆ తర్వాత ఖాళీ గొలుసు పట్టుకుని కౌంటరు ముందు వాళ్లని నిలబెట్టకూడదు.

వాళ్లు వెళ్లాక ఆమె కంప్యూటర్లో ఆ కుక్క ఫైలు తెరిచి, చనిపోయినట్టు గుర్తు పెట్టాలి. లేకపోతే వచ్చే నెల "మీ బ్రూనోకి టీకా వేయించే సమయమైంది" అని ఆ ఇంటికి మెసేజ్ వెళ్తుంది. నీ కథలో ఈ పని ఇంకా ఎవరూ చెయ్యలేదు. అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు