గోదావరి తిన్నెల మీద ఏరిన రాళ్లతో ఇంట్లోనే లాకెట్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చండి. అమలాపురంలో ఉంటామని, రాజమండ్రి ఎగువన ఏరిన రాళ్లు డబ్బా నిండా ఉన్నాయని, వాటిలో ఏది సానకు పనికొస్తుందో తెలియడం లేదని రాశారు. కొవ్వూరు వైపు చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. సాన పట్టడం కన్నా రాయిని ఎంచుకోవడమే అసలు పని.

మన కోనసీమంతా ఒండ్రుమట్టి, రాళ్లు ఏరాలంటే ధవళేశ్వరం ఎగువకే వెళ్లాలి. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి చాలా దూరం దక్కను లావా రాతి మీదుగానే వస్తుంది. ఆ నల్లరాతి గుల్లల్లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అనే చారల రాయి అయింది. చుట్టూ ఉన్న రాయి అరిగిపోయినా గట్టిదైన అగేట్ మిగిలి, మన దాకా దొర్లుకొచ్చింది. పాపికొండల జాతీయ ఉద్యానం లోపల మాత్రం ఏరకండి.

రాళ్లన్నీ నీళ్లలో ముంచి ఎండలో పెట్టండి. పైభాగం ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నటి తడి గీత మిగిలిందంటే అక్కడ పగులుంది. ఎంత అందంగా ఉన్నా అది పక్కన పెట్టేయండి, సాన మీద విడిపోతుంది. తర్వాత చాకు మొనతో గీయండి. గీత పడితే మెత్తరాయి. అగేట్, జాస్పర్, పలుగురాయి మోస్ కొలతలో (రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత) 7 దగ్గర ఉంటాయి, వాటి మీద చాకు జారిపోతుంది. ఆఖరున వెనక నుంచి ఫోన్ లైటు వేయండి. వెలుగు లోపలికి దిగితే అగేట్ కావచ్చు, దిగకుండా ఎర్రగా నిండుగా ఉంటే జాస్పర్ కావచ్చు. మొదటిసారికి నేను జాస్పరే పట్టమంటాను.

అప్పుడే మిషను కొనకండి. ఒక పక్క చదునుగా ఉన్న చిన్న రాయి తీసుకుని, పుల్ల చివర లక్క కరిగించి అంటించండి. సిలికాన్ కార్బైడ్ వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) 120తో మొదలుపెట్టి 220, 400, 600, 1000, 2000 దాకా వెళ్లండి. చేత్తో అయితే రోజులు పడుతుంది. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా తర్వాతదానికి వెళ్లొద్దు. 120 గీత మిగిలితే 2000 దాన్ని తీయలేదు, మెరుగు పెట్టాక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చివర తడి తోలు మీద సిరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడితో రుద్దండి.

పనంతా తడిలోనే జరగాలి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయమయ్యే మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ సాన పట్టే కార్మికులు ఎందరో ఈ జబ్బుతోనే పోయారు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పొదగడం కంసాలి గారికే వదిలేయండి. రాయి కొలతకు వెండి పట్టీ కట్టి, అతుకులన్నీ అయి చల్లారాకే రాయి కూర్చోబెట్టమనండి, మంట తగిలితే పగలొచ్చు. పట్టీకి శుద్ధ వెండి అడగండి, మెత్తగా వంగుతుంది. రాయి అంచు పైకి వచ్చేకొద్దీ లోపలికి వాలి ఉంటేనే పట్టీ దాని మీదకు ఒరిగి పట్టుకుంటుంది. నిటారుగా ఉంటే రాయి ఊడొస్తుంది. కాబట్టి ఆ వాలు 120 పేపరు మీద ఉండగానే తీసుకోండి.