పొలం చేయబోతున్న మనవడికి

ప్రభువునందు ప్రియమైన మనవడికి మీ చిన్నతాత దీవించి వ్రాయునది.

నువ్వు బెంగళూరులో ఉద్యోగం మానుకొని, కొండపి దగ్గర మీ తాత వదిలి వెళ్ళిన చేనును స్వయంగా సాగు చేయాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె ఏడుస్తూ చెప్పింది. నాకు మాత్రం, అన్నయ్య పోయిన నాటి నుండి ఆ చేను ఎవరి పాలవుతుందోనని పట్టుకున్న బెంగ తీరినట్లూ, నీ నెలజీతం తలుచుకుంటే గుండె జారినట్లూ ఒక్కసారే అయింది.

మామూలు సంగతులు నీకు తెలియనివి కావు. పాసు పుస్తకంలో పేరు మార్పించు, మట్టి పరీక్ష చేయించు, వేసిన పంటను ప్రభుత్వ పంటల నమోదైన ఈ-క్రాప్‌లో తప్పక ఎక్కించు. మొదటి ఏడు కంది వేయి. పూత దశలో మారుకా పురుగు గూళ్ళు కడుతుంది కనుక ఆ రోజుల్లో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరగవద్దు. పొగాకు జోలికి ఇప్పుడే పోవద్దు. పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్, ఆకును మంట వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు, ఏటా వాళ్ళు నిర్ణయించే పరిమితి, కట్టెల ఖర్చు, కూలీల అడ్వాన్సులు, ఇన్ని దాటిన తరువాత కూడా వేలంలో ధర మన చేతిలో ఉండదు.

మీ తాత పొగాకు చేసిన రోజుల్లో ఆదివారం ఆకు కొట్టించేవాడు కాదు. పండిన ఆకు ఆరాధన ముగిసేదాకా ఆగుతుందా అని చుట్టుపక్కల రైతులు నవ్వేవారు. సోమవారం బ్యారన్ నింపి శనివారానికి ఆకు దించేలా లెక్క వేసుకునేవాడు. లెక్క తప్పిన వారం మంట ఆర్పే వీలు లేదు కనుక, బ్యారన్ ముందు చాప పరుచుకొని బైబిలు చదువుకుంటూ కూర్చునేవాడు. కందులు కాటాకు ఎక్కకముందే ప్రథమ ఫలాల గంప మందిరానికి చేరేది. ఈ పద్ధతులు నువ్వు పాటిస్తే సంతోషిస్తాను, పాటించకపోయినా ఏమీ అనను.

కానీ ఆయన చేసిన ఒక పని మాత్రం నువ్వు చేయకూడదు. మీ నాన్న ఈ సంగతి నీకు ఎన్నడూ చెప్పి ఉండడు.

మన సంఘంలోని ఒక విశ్వాసి కొత్తగా బ్యారన్ కట్టుకోవడానికి టౌనులో వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటూ, మీ తాతను హామీ సంతకం అడిగాడు. మీ తాత ప్రామిసరీ నోటు పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టి, ఆ మాట మా వదినకు కూడా చెప్పలేదు. తరువాత 2000-01లో పొగాకు బోర్డు మన రాష్ట్రంలో పంట విరామం ప్రకటించింది. బ్యారన్‌లో మంట వేయకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కదా! ఆ మనిషి ఒక రాత్రి పిల్లలను తీసుకొని ఊరు విడిచి వెళ్ళిపోయాడు. వ్యాపారి మనిషి వచ్చి మన గుమ్మం ముందు కూర్చున్నప్పుడు గాని మా వదినకు సంగతి తెలియలేదు. ఎద్దుల జత పోయింది, వాగు వైపు ఎకరం పోయింది, మీ నాన్న చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఎకరం పోయినందుకు కాదు, ఆ ఇల్లాలికి చెప్పకుండా దాచినందుకే నేను అన్నయ్య మీద చాలా కాలం కోపం పెట్టుకున్నాను.

ఎందుకు చేశావని నిలదీస్తే ఆయన ఒకప్పటి ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరను అడ్డం పెట్టుకున్నాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో 3.5 మైళ్ళ పని తన పేరున తీసుకొని మన పెద్దలకు కూలి చూపించాడు కదా, ఆయన మనకు పూచీ పడితే నేను నా సహోదరునికి పడకూడదా అన్నాడు. అప్పుడు నాకు జవాబు తోచలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను. దొరగారు తీసుకున్నది కాంట్రాక్టు, కూలి డబ్బు ప్రభుత్వానిది. పైగా తిండి కోసం వచ్చినవారినీ విశ్వాసంతో వచ్చినవారినీ కలిపి లెక్కించకూడదని, కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపినవాడు ఆయన. ఆ తరువాతనే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అవసరాన్నీ విశ్వాసాన్నీ విడివిడిగా చూడడం ఆయనకు తెలుసు, మీ తాతకు తెలియలేదు. పరుల అప్పుకు పూటబడవద్దని సామెతల గ్రంథం హెచ్చరించిన చోట్లన్నీ మీ తాతకు కంఠస్థమే.

పోయిన ఏడు కంది కోతలప్పుడు, సాయంకాలం కుటుంబ ప్రార్థన ముగించి మంచం మీద వాలిన మీ తాత మళ్ళీ లేవలేదు. భూస్థాపన నాడు మందిరం నుండి సమాధుల తోటకు పెట్టె ఎత్తేవేళ, నాకంటే ముందు భుజం పెట్టిన నెరిసిన జుట్టు మనిషిని నువ్వు చూసే ఉంటావు. అప్పు మీద పడేసి ఊరు విడిచిన మనిషి అతడే. ఆదరణ కూటంలో లేచి సాక్ష్యం చెప్పాడు: కొన్నేళ్ళ తరువాత తాను అప్పు మొత్తం తెచ్చి ఇస్తే, మీ తాత ఒక్క రూపాయి ముట్టకుండా మందిరం పైకప్పుకు ఇవ్వమన్నాడట. అందరూ స్తోత్రం అన్నారు. నా నోట ఆ మాట రాలేదు. ఆ డబ్బులో మీ నాన్న చదువు లేదా? మా వదిన కన్నీళ్ళు లేవా? అంతటి మనిషి నా తోడబుట్టినవాడని గర్వపడుతూనే, ఈ లెక్క మాత్రం ఆయనతో తేల్చుకోకుండా ఉండిపోయాను.

నువ్వు ఆయన మనవడివి కనుక, ఊళ్ళోకి వచ్చిన మొదటి ఏడే ఎవరో ఒకరు నోటు పట్టుకొని వస్తారు. ఉన్నంతలో ధాన్యమో డబ్బో చేతికి ఇచ్చి పంపు, తిరిగి వస్తుందని ఆశపడకు. సంతకం మాత్రం పెట్టకు. చిన్నతాత ఒప్పుకోవడం లేదని చెప్పి వాళ్ళను ఒంగోలుకు పంపు. ఆ చెడ్డపేరు నేను మోస్తాను. వ్యవసాయానికి నువ్వు చేసే ప్రతి అప్పూ మీ అమ్మకు ముందే తెలియాలి.

చేను దస్తావేజులు నా దగ్గరే ఉన్నాయి. విత్తనాలు కొనకముందే ఒకసారి వచ్చి తీసుకుపో. భోజనం ఇక్కడే చేద్దువు గాని, మీ అమ్మను కూడా వెంట తీసుకురా. ఆమెకు నేను నచ్చజెబుతాను.

ఆశీస్సులతో,
మీ చిన్నతాత