ఛానళ్లు వస్తున్నాయి, సినిమా ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది పాలకొల్లు. ఫైబర్ కనెక్షన్‌తో పాటే టీవీ బాక్సు కూడా ఇచ్చారు. దానికి వైరు ఉంది. ఛానళ్లు అద్దంలా వస్తాయి. రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఉన్న యాప్‌లో సినిమా పెట్టుకుంటే మాత్రం పది నిమిషాలకోసారి ఆగి చక్రం తిరుగుతుంది. అది వైఫై మీద నడుస్తుంది. రౌటరు ముందుగదిలో బీరువా వెనక గోడకి కొట్టారు. ఫోన్ చేస్తే, ‘ఛానళ్లు బాగానే వస్తున్నాయి కదా, లైనులో తప్పు లేదు, ప్లాన్ పెంచుకోండి’ అన్నారు. 40 ఎంబీపీఎస్ నుంచి 100కీ, అక్కణ్నుంచి 200కీ పెంచాను. తేడా ఏమీ లేదు. పెన్షన్ మీద బతికేవాణ్ని. ఇంకా పెంచాలా? — ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు

జవాబు: వద్దు మాస్టారూ. ఇంకొక్క రూపాయి కూడా పెంచకండి. వీలైతే వచ్చే నెల మళ్లీ 40కే దిగిపోండి.

నేను 1994 నుంచి తణుకు చుట్టుపక్కల ఈ పనిలోనే ఉన్నాను. నల్ల కోయాక్సియల్ వైరు చుట్ట భుజాన వేసుకుని డాబాలెక్కాను, ఇప్పుడు వెంట్రుకంత గాజు తీగ అతికిస్తున్నాను. ‘ఛానళ్లు వస్తున్నాయి కాబట్టి లైను బాగుంది’ అనే మాట ఎక్కడ విన్నా నాకు మనసు ఊరుకోదు. ఆ ఒక్క మాట మీద ఎంతమంది పెద్దవాళ్లు అక్కర్లేని ప్లాన్లు కొన్నారో కళ్లారా చూశాను.

మీకిచ్చినటువంటి బాక్సుల్లో ఛానల్‌దీ సినిమాదీ ఒకే దారి కాదు. ఛానల్ అంటే ఆర్టీసీ బస్సు. మీరు ఎక్కినా ఎక్కకపోయినా దాని వేళకి అది నడుస్తుంది. మీ వీధి లైనులో 32 ఇళ్లుండి, అందరూ ఒకే వార్తల ఛానల్ చూస్తున్నా ఆఫీసు మెషీన్ నుంచి ఆ లైనులోకి దిగేది ఒకటే కాపీ. దాన్ని మల్టీకాస్ట్ అంటాం. సినిమా అంటే మీరు బటన్ నొక్కాక మీ ఒక్కరి కోసం బయల్దేరే ఆటో. పక్కింటాయన అదే సినిమా అయిదు నిమిషాల తర్వాత పెడితే ఆయనకి ఇంకో ఆటో కావాలి. ఒక్కో సినిమాకి 8 ఎంబీపీఎస్ అనుకుంటే 32 ఇళ్లకి 256. ఫైబర్‌కి ఇది బరువు కాదు, జీపాన్ లైను (ఒకే ఫైబర్‌ని వీధిలో ఇళ్లన్నిటికీ పంచే పద్ధతి) ఒక పోర్టు మీద 2.5 జీబీపీఎస్, అంటే 2,500 ఎంబీపీఎస్ దాకా దింపుతుంది. ఇరుకయ్యేది మీ ఇంట్లో వైఫై దగ్గర, లేదా ఆపరేటరు పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ దగ్గర. ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోవడానికి ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము చాలు.

ముందు రాత్రి. సరిగ్గా ఆగిపోయే వేళకి, తొమ్మిదింటికి, రౌటరు నుంచి టీవీ వెనక లాన్ పోర్టుకి (నెట్ తీగ గుచ్చే చోటు) పొడుగాటి నెట్ తీగ ఒకటి లాగించండి. నేల మీద పడి ఉన్నా సరే, పరీక్షే కదా. టీవీలో వైఫై ఆపేసి అదే సినిమా పెట్టండి. చక్రం మాయమైతే దోషం మీ వైఫైది. ఇనప బీరువా వెనక రౌటరుంటే సిగ్నల్ ఇవతలికి రావడమే కష్టం. పైగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి తగలకుండా నడిచే వైఫై ఛానళ్లు (టీవీ ఛానళ్లు కావు, సిగ్నల్ దారులు) మూడే: 1, 6, 11. రాత్రయ్యేసరికి చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ మూడింటిలోనే కొట్టుకుంటాయి. రౌటరుని బీరువా పక్కకి జరిపించి, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకి కలపండి. టీవీ రెండు గోడల అవతల ఉంటే 5 కూడా సరిగా అందకపోవచ్చు, అప్పుడు తీగనే గోడ వెంట క్లిప్పులు కొట్టించి ఉంచేయండి. టీవీల్లో ఉండే లాన్ పోర్టు చాలావాటికి 100 దాటదు. మీరు కట్టే 200 ఆ తీగలో పట్టదు, పట్టక్కర్లేదు కూడా. ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు.

తీగ మీద కూడా ఆగితే, తెల్లవారి అయిదున్నరకి లేచి అదే తీగ మీద అదే సినిమా పెట్టండి. అప్పుడు గడగడా నడిస్తే మీ ఇంట్లో లోపం లేదు. రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఆపరేటరు పై లైను నిండిపోతోంది. వారం రోజులు తేదీ, వేళ, ఏ యాప్ అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఫిర్యాదు చేయండి, డాకెట్ నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు చేయని దానితో సమానం. కదలిక లేకపోతే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

మరొక్క గుర్తు చెబుతాను, ఇది అందరికీ పనికొస్తుంది. దారిలో డేటా కొంత జారిపోతే ఛానల్ ఆగదు, బొమ్మ మీద గళ్లు పడతాయి, ముఖాలు ముక్కలవుతాయి. జారిపోయిందాన్ని వెనక్కి అడిగే వీలు చాలావరకు దానికి లేదు. సినిమా అయితే జారిన ముక్కని మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, అందాక చక్రం తిప్పుతుంది. ఛానల్‌లో గళ్లు, సినిమాలో చక్రం రెండూ ఉంటే అది వేరే కథ. ఫైబర్ ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా అతుకు పాడై ఉంటుంది. అప్పుడు టెక్నీషియన్‌ని పవర్ మీటర్ తెమ్మనండి. ఓఎన్‌యూ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే డబ్బా) దగ్గర వెలుగు బలం మైనస్ 27 డీబీఎం కంటే కిందికి చూపిస్తే ఆ మడత తీయాలి, లేదా అతుకు మళ్లీ వేయాల్సిందే. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా టీవీలో సినిమా యాప్‌లు ‘సర్వర్‌కి కనెక్ట్ కాలేదు’ అంటాయి. గంట తర్వాత వాటంతట అవే బాగవుతాయి. ఫోన్‌లో మాత్రం నెట్ బాగానే ఉంటుంది. — గృహిణి, నిడదవోలు

జవాబు: అమ్మా, ఈసారి అలా అయినప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో తేదీ ఎంతుందో చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తుందని నా అనుమానం. కరెంటు పోతే గడియారాన్ని గుర్తుపెట్టుకోలేని టీవీలు చాలా ఉన్నాయి. సినిమా సర్వరు తాను తానేనని చూపించే సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. టీవీ ఇంకా పాత ఏడాదిలోనే ఉన్నాననుకుంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదనుకుని తలుపేసేస్తుంది. కరెంటు రాగానే టీవీ ముందు లేచి, ఓఎన్‌యూ రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా లేస్తుంది. అందుకే టీవీకి అప్పటికి సరైన టైము అందదు, తర్వాత అందాక యాప్‌లు బాగవుతాయి.

తేదీ, సమయాన్ని ‘ఆటోమేటిక్’లో పెట్టండి. కరెంటొచ్చాక ఓఎన్‌యూ లైట్లు నిలకడ పడే దాకా టీవీ స్విచ్ వేయకండి. మీ దగ్గర కోతలు ఎక్కువైతే ఓఎన్‌యూకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టించండి, అది పెట్టించిన ఇళ్ల నుంచి నాకు మళ్లీ ఈ ఫిర్యాదు రాలేదు.

తేదీ సరిగ్గా ఉన్నా పాత టీవీలో యాప్ తెరుచుకోకపోతే కారణం వేరు. 2021 సెప్టెంబరు 30న చాలా సైట్లు ఆధారపడ్డ ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత పరికరాలు కొన్ని అప్పటి నుంచీ ఇబ్బంది పెడుతున్నాయి. అలాంటి టీవీని పారేయనక్కర్లేదు, సినిమా యాప్‌లు నడిపే పేరున్న కంపెనీ స్టిక్ ఒకటి వెనక గుచ్చుకుంటే చాలు.

ప్రశ్న: కొత్త రౌటరు కొన్నాం. వాట్సాప్ బాగుంది, వార్తల సైట్లు బాగున్నాయి, ఒక సినిమా యాప్ బాగానే నడుస్తుంది. ఇంకో యాప్‌లో పోస్టర్లు కనిపిస్తాయి గానీ ప్లే నొక్కితే లోడింగ్ అంటూ ఉండిపోతుంది. పాత రౌటరు పెడితే నడుస్తుంది. — భీమవరం

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొన్నేళ్ల కిందట నన్ను మూడు రోజులు తిప్పిన కేసు ఇదే.

అత్తిలి దగ్గర ఒక రైసుమిల్లు యజమాని ఇల్లు. టీవీ మార్చాం, బాక్సు మార్చాం, ఓఎన్‌యూ మార్చాం. మూడో రోజు మధ్యాహ్నం వాళ్లావిడ మజ్జిగ తెచ్చిచ్చి, ‘రౌటరు మార్చిన రోజు నుంచే కదండీ’ అన్నారు. ఆ మాటతో సెట్టింగులు వరసగా చూడడం మొదలుపెట్టాను. ఎంటీయూ (ఒక్కో డేటా మూట, అంటే ప్యాకెట్, ఎన్ని బైట్లు దాటకూడదో చెప్పే అంకె) అన్న చోట 1500 ఉంది. మా లైను పీపీపీఓఈ మీద నడుస్తుంది, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిసే రకం. ఆ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కీ పైన 8 బైట్ల చుట్టు కాగితం అవుతుంది. అందుకని సరుకు 1492కి మించకూడదు. చిన్న మెసేజీలు ఎలాగో దూరిపోతాయి. సినిమా మాత్రం నిండు మూటలుగా వస్తుంది, ఆ నిండు మూట దారిలో ఇరుక్కుంటుంది. ‘మూట పెద్దదైంది, తగ్గించి పంపు’ అన్న కబురు సర్వరుకి చేరితే అది సర్దుకుంటుంది. కబురు దారిలో ఎవరైనా ఆపేస్తే పంపినవాడికి తెలియదు, మీకు రాదు. కబురు అందే సర్వర్ల నుంచి పోస్టర్లూ, ఒక యాప్ సినిమాలూ వస్తాయి, అందని సర్వరు నుంచి సినిమా రాదు. మీకు ఒక యాప్ నడిచి ఇంకోటి నడవకపోవడం అందుకే.

రౌటరు పేజీలో వాన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎంటీయూ 1492 చేసి సేవ్ చేయండి. రౌటరు ఒకసారి ఆపి వెయ్యండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (మూట కొలతని ముందే తగ్గించి చెప్పే సెట్టింగు) అని కనిపిస్తే అదీ ఆన్ చేయండి. ఆ ఇంట్లో అంతే చేశాను, సినిమా వెంటనే పట్టుకుంది. ఆ మూడు రోజుల్లో వాళ్ల చేత కొనిపించిన బాక్సు డబ్బులు వెనక్కిచ్చేశాను.

ప్రశ్న: ఛానళ్లకి మాటలు బాగా వినిపిస్తాయి. సినిమాల్లో మాత్రం పాటలు, ఫైట్లు హోరెత్తిపోతాయి, మాటలు గుసగుసల్లా ఉంటాయి. కొన్ని సినిమాలకైతే అసలు శబ్దమే రాదు. — జగ్గయ్యపేట

జవాబు: ఛానళ్లలో ఎక్కువ భాగం రెండు స్పీకర్ల ధ్వనితో వస్తాయి. సినిమాలు చాలావరకు 5.1తో (అయిదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకరు) వస్తాయి, అందులో మాటలు ఎక్కువగా నడిమి స్పీకరుకి వెళతాయి. మీ దగ్గర నడిమి స్పీకరు లేకపోతే మాట పల్చబడుతుంది. ప్లే అవుతున్నప్పుడు ఆడియో మెనూ తెరిచి ‘స్టీరియో’ ఉంటే అది ఎంచుకోండి. అసలే రాకపోతే టీవీ సౌండ్ అవుట్‌పుట్ ‘బిట్‌స్ట్రీమ్’ నుంచి ‘పీసీఎం’కి మార్చండి. టీవీకి పాత హోమ్ థియేటర్ కలిపి ఉంటే, దానికి సినిమా శబ్దం వచ్చే డాల్బీ భాష రాకపోవచ్చు, టీవీనే విప్పి ఇవ్వాలి.

ప్రశ్న: ఏలూరులో 4కే అని రాసి ఉన్న ఆండ్రాయిడ్ బాక్సు రెండు వేలకి కొన్నాను. యూట్యూబ్ బాగుంది, డబ్బు కట్టే యాప్‌లు మసకగా వస్తున్నాయి. — డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ప్లే స్టోర్‌లో డీఆర్ఎం (సినిమాని ఎవరూ కాపీ కొట్టకుండా వేసే తాళం) సమాచారం చూపించే యాప్ ఒకటి వేసుకుని ‘వైడ్‌వైన్’ ఎదురుగా ఏముందో చూడు. ఎల్3 అని ఉంటే ఆ బాక్సుకి చాలా యాప్‌లు ఎస్‌డీ (హెచ్‌డీ కంటే తక్కువ నాణ్యత) దాటి ఇవ్వవు. ఎల్1 కావాలి, అది తయారీలోనే రావాలి, తర్వాత ఎక్కించుకునేది కాదు. ఎవరైనా ‘సాఫ్ట్‌వేర్ వేసి ఎల్1 చేస్తాం’ అని డబ్బడిగితే ఇవ్వకు. వీలైతే బాక్సు వెనక్కిచ్చెయ్.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. అమ్మానాన్న గుడివాడలో. ఇక్కడి నా ఖాతాలు వాళ్ల టీవీలో పెట్టి, వీపీఎన్ కూడా వేసి వచ్చాను. సినిమా తరచూ ఆగిపోతుందట. నేను అడిగితే అమ్మ ‘బాగానే ఉందిరా’ అంటుంది, చెల్లి చెబితే తెలిసింది. ఇక్కణ్నుంచి ఎలా సరిచేయాలి?

జవాబు: బాబూ, ముందు ఆ వీపీఎన్ తీయించు. మన దగ్గర పెద్ద సంస్థలు సినిమాల కాపీలను దేశంలోనే, చాలాసార్లు ఆపరేటర్ల సొంత సెంటర్లలోనే ఉంచుతాయి. గుడివాడ టీవీ అడిగితే దగ్గర్నుంచే రావాలి. వీపీఎన్ వేస్తే ఆ టీవీ అమెరికాలో ఉన్నానని చెప్పుకుంటోంది, ప్రతి అడుగూ సముద్రాలు దాటి వెళ్లి రావాలి. ఒక్క రాకపోకకే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది. వాళ్లకి ఇక్కడి ప్లాన్ ఇక్కడే కట్టు.

రెండోది, అమ్మని ‘ఎలా ఉంది?’ అని అడగకు. వేల మైళ్ల దూరంలో ఉన్న కొడుక్కి పని పెట్టడం ఇష్టం లేక ఏ తల్లయినా ‘బాగానే ఉంది’ అనే అంటుంది. మా అమ్మా అంతే, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా. వీడియో కాల్ చేసి ఫోన్‌ని టీవీ వైపు తిప్పమను. గళ్లు పడుతున్నాయా, చక్రం తిరుగుతోందా నువ్వే చూడు. తర్వాత ఓఎన్‌యూ వైపు తిప్పమను, లాస్ (LOS, ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పే లైటు) అన్న చోట ఎర్ర లైటు ఉందేమో చూడు. ఎర్రగా ఉంటే ఇంట్లో ఏదీ ముట్టుకోనివ్వకు, ఆపరేటరుకి ఫోన్ చేయించు. చక్రం మాత్రమే ఉంటే ఓఎన్‌యూ స్విచ్ ఆపి, నెమ్మదిగా ముప్పై లెక్కపెట్టి మళ్లీ వెయ్యమను. వేళ మాత్రం మీ రాత్రి చూసుకో. డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే గుడివాడలో పొద్దున్న, నాన్నగారు కాఫీ తాగి కూర్చుని ఉంటారు, ఇద్దరూ కలిసి తిప్పి చూపిస్తారు.