టెక్ సందేహాలు: దాతలు తెరవని రిపోర్టు

ప్రశ్న: ఉదయగిరి వైపు మూడు ఊళ్లలో మా ట్రస్టు తరఫున మంచినీటి ప్లాంట్లు నడుపుతున్నాం. మా దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏటా 24 పేజీల పీడీఎఫ్ రిపోర్టు చేసి దాతలకు వాట్సాప్‌లో పంపిస్తాం. బ్లూ టిక్ పడుతుంది గానీ ఎవరూ ఉలకరు, పలకరు. వీడియో చేయించాలా? ఏ యాప్ మంచిది?
- ఒక పాఠకురాలు, వింజమూరు

యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పీడీఎఫ్‌ను మీ ఫోన్‌లోనే తెరిచి చూడండి. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు సుమారు 7. మీరు 12 పాయింట్లలో కొట్టిన అక్షరం అక్కడ 4 పాయింట్లయిపోతుంది. నెల్లూరులో కొట్టు చూసుకుంటూ మధ్యలో ఫోన్ తీసే పెద్దాయన దాన్ని వేళ్లతో సాగదీసుకుంటూ 24 పేజీలు చదవలేడు. ఆయనకు మీ మీద అభిమానం లేక కాదు.

గూగుల్ స్లైడ్స్‌లో పేజీ సెటప్‌కు వెళ్లి 1080, 1920 పిక్సెళ్ల నిలువు పేజీ పెట్టుకోండి. నాలుగైదు పేజీలు చాలు, ఒక్కో పేజీలో ఒక్క సంగతే. జమాఖర్చులున్న పెద్ద రిపోర్టు గూగుల్ డ్రైవ్‌లో ఉంచి, చివరి పేజీలో లింకు ఇవ్వండి. లెక్కలు అడిగే దాతలు తక్కువమందే ఉంటారు, కానీ వాళ్లకు అది దొరికి తీరాలి.

ఇక ఆ పేజీల్లో ఏం పెట్టాలి? ‘ఇన్ని లక్షల లీటర్లు పంచాం’ అంటే చదివేవాళ్లకు ఏమీ అందదు. రెండు కడ్డీల గ్రాఫ్ గీయండి: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, ప్లాంటు నీళ్లలో ఎంత. 1.5 దగ్గర అడ్డగీత గీయండి. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట 1.5 వరకు. పరీక్ష తేదీ, ఊరి పేరు పక్కనే వేయండి. చాలామంది టీడీఎస్ మీటరు ఫొటో పెట్టి అదే రుజువంటారు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన మొత్తం లవణాల అంచనా చెబుతుంది తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. దానికి విడిగా ల్యాబ్ పరీక్ష చేయించాల్సిందే.

ప్లాంటు ఆగిన రోజులు కూడా రాయండి. నీళ్లను వడగట్టే మెంబ్రేన్ పాడై పది రోజులు నీళ్లివ్వలేకపోతే ఆ మాట, కొత్తదానికైన ఖర్చు రెండూ చెప్పండి. అంతా బాగుందని చెప్పే రిపోర్టు కంటే ఇలాంటిదాన్నే దాతలు నమ్ముతారని నా గట్టి అభిప్రాయం.

వీడియో తప్పకుండా చేయండి, కానీ డ్రోన్లూ సంగీతాలూ వద్దు. ప్లాంటు దగ్గర క్యాను నింపుకునే ఒక అమ్మ తన మాటల్లో ఒక్క నిమిషం చెబితే చాలు. ఫోన్‌లో తీసి, కింద తెలుగు అక్షరాలు వేయండి. సౌండ్ తీసేసి చూసేవాళ్లు చాలామంది ఉంటారు. అమెరికాలో ఉన్న దాతలకు యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టి, ఆ లింకు పంపండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయినవాళ్ల ఫొటోలు, గారపళ్ల పిల్లల మొహాలు చందాల కోసం వాడకండి. వాళ్లు రేపు కూడా ఆ ఊళ్లోనే తలెత్తుకు తిరగాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఫొటోను వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే క్వాలిటీ తగ్గదు, నిజమే. అయితే తీసిన చోటు వివరం అందులో ఉంటే అదీ వెళ్లిపోతుంది.

ప్రశ్న: దాతలందరికీ ఒకేసారి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పెడితే సగం మందికి అందడం లేదు.
- కావలి

మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు. చందా తీసుకున్న రోజే, అక్కడే నంబరు సేవ్ చేయించండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన తెలుగు, వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతల్లా వస్తోంది.
- ఆత్మకూరు

అది ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో కొట్టింది అయి ఉండొచ్చు. ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని సెంటర్‌వాళ్లనే అడగండి. తీసుకున్నాక ఒత్తులు, వట్రుసుడులు ఒకసారి సరిచూసుకోండి, మార్పిడిలో ఎక్కువగా చెడేవి అవే.