టెక్ సందేహాలు: చైన్‌సాకు ఆయిల్ రావడం లేదా? పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి

వానాకాలం మొదలైతే చాలు, ఫోన్లు, లాప్‌టాప్‌ల గురించి వచ్చే మెయిళ్ల మధ్య చెట్లు కోసే మిషన్లు కూడా తల దూరుస్తాయి. ఒక్క గాలివానకు సిటీలో తురాయిలు, నిద్రగన్నేర్లు కొమ్మలు విరిగి కార్ల మీద పడతాయి. అప్పుడుగానీ అటక మీది చైన్‌సా ఎవరికీ గుర్తురాదు. ఈ వారం వాటికే పెద్దపీట.

సందేహం: సార్, మాది అల్వాల్. శంకర్‌పల్లి దగ్గర మామిడి తోట ఉంది. మా బాపు పదిహేనేళ్ల కిందట కొన్న పెట్రోల్ చైన్‌సా ఇప్పటికీ ఒకటి రెండు లాగుళ్లకే స్టార్ట్ అవుతుంది. కానీ చైనుకు ఆయిల్ రావడం లేదు. కాసేపు కోస్తే బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక) పొగలు కక్కుతోంది. మెకానిక్ బయటి నుంచే చూసి, ‘పంపు పోయింది, ఈ మోడల్‌కు పార్టు దొరకదు, కొత్తది కొనుక్కో’ అన్నాడు. నేనే బాగు చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అలా స్టార్ట్ అవుతోందంటే ఇంజిన్ బాగున్నట్టే, దాన్ని పారేయడం దండగ. పంపు పోయి ఉండొచ్చు గానీ, అనుమానించాల్సిన వాటిలో అది చివరిది. పాత మిషన్లలో ఎక్కువగా బార్ రంధ్రం పొట్టుతో పూడిపోతుంది, ట్యాంకుకు గాలి అందదు, లేదా లోపలి రబ్బరు పైపు పగిలిపోతుంది. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు ఉండదు. విప్పి చూడకుండానే పంపు పోయిందన్న మాటను నేనైతే నమ్మను.

ముందు ట్యాంకులు చూడండి. ఒకదాంట్లో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోలు, రెండోదాంట్లో చైనుకు వెళ్లే ఆయిల్ ఉంటాయి. రెండూ నింపి పనిలోకి దిగితే, పెట్రోలు అయిపోయేసరికి ఆయిల్ కూడా దాదాపు అడుగంటాలి. పెట్రోలు ఖాళీ అయ్యాక కూడా ఆయిల్ నిండుగానే ఉందంటే అది కదలడమే లేదు. ఆయిల్ తగ్గుతోంది, చైను మాత్రం పొడిగానే ఉందంటే పంపు పని చేస్తోంది, ఆయిల్ మధ్యలో ఎక్కడో కారిపోతోంది. మిషన్ అడుగు భాగం జిడ్డు జిడ్డుగా ఉందేమో తడిమి చూడండి.

తర్వాత పేపర్ పరీక్ష. నేల మీద పాత అట్టముక్కో న్యూస్‌పేపరో పరిచి, ఆపైన జానెడు ఎత్తులో బార్ కొనను పట్టుకుని, చైను నేలకు తగలకుండా పావు నిమిషం రేజ్ చేయండి. ఆయిల్ బాగా అందుతుంటే పేపర్ మీద సన్నటి చుక్కల గీత పడుతుంది. ఏమీ పడకపోతే పని మొదలుపెట్టండి.

ఇంజిన్ ఆపి, ప్లగ్ మీది క్యాప్ పీకి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. బార్ కవరు విప్పేముందు చైన్ బ్రేకు వదిలి ఉందో లేదో చూసుకోండి. కొన్ని మోడళ్లలో బ్రేకు పట్టీ కవరులోనే ఉంటుంది. బ్రేకు పడి ఉండగా కవరు తీస్తే పట్టీ బిగుసుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు క్లచ్ డ్రమ్ము (చైనును తిప్పే గిన్నె లాంటి భాగం) మీదికి ఎక్కదు. దాంతో తంటాలు పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు.

బార్ తీశాక, అది ఆనుకునే చోట మిషన్ ఒంటి మీద ఒక చిన్న గాడి కనిపిస్తుంది. ఆయిల్ బయటికి వచ్చేది అక్కడే. దానికి ఎదురుగా బార్‌కు కూడా ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. బార్‌ను తిప్పి పెట్టుకునేందుకు వీలుగా పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. ఈ రెండింట్లో పొట్టు, ఆయిల్ కలిసి గట్టిపడిన నల్లటి మడ్డి ఉండటం దాదాపు ఖాయం. సన్నటి తీగతో పొడిచి తీయండి. బార్ అంచున చైను పరిగెత్తే గాడిని కూడా మొన నుంచి చివరిదాకా గీకండి. రంధ్రం తెరుచుకుని గాడి పూడిపోయి ఉన్నా ఆయిల్ ముందుకు సాగదు. ఎక్కువమంది పని ఇక్కడితోనే అయిపోతుంది.

అప్పటికీ రాకపోతే, బార్, చైను లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి, చేతులు దూరంగా పెట్టి, కొంచెం రేజ్ చేసి ఆ గాడిని గమనించండి. కొన్ని మోడళ్లలో పంపును తిప్పేది క్లచ్ డ్రమ్మే. అంటే చైను తిరిగేటప్పుడే ఆయిల్ వస్తుంది, ఐడిలింగ్‌లో రాదు. ఐడిలింగ్‌లో చూసి పంపు పోయిందని తేల్చేస్తే మంచి పంపుకు చెడ్డపేరు వస్తుంది.

ఇప్పుడు గాలి సంగతి. ట్యాంకులోంచి ఆయిల్ బయటికి వెళ్లేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకోసం ట్యాంకుకో మూతకో ఒక చిన్న వాల్వు ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే, సీసా మూతిని పెదాలతో గట్టిగా మూసి స్ట్రా పీల్చినట్టే ఉంటుంది పంపు పని. దీన్ని పట్టుకోవడం సులువు. మిషన్‌ను సమంగా ఉంచి, ఆయిల్ మూతను కాస్త వదులు చేసి మళ్లీ రేజ్ చేయండి. ఆయిల్ వచ్చిందంటే దొంగ దొరికినట్టే. వాల్వును పెట్రోలుతో కడిగి ఊదితే చాలు. ఒక మినహాయింపు ఉంది. కొన్ని పాత అమెరికన్ మిషన్లలో ఇంజిన్ క్రాంక్‌కేసు (పిస్టన్ కింది గది)లోని ఒత్తిడే ట్యాంకులోకి వచ్చి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. వాటిలో మూత వదులైతే ఉన్న ఆయిల్ కూడా ఆగిపోతుంది. అలాంటిదైతే మూత వాషరు అరిగిందేమో చూడాలి.

ట్యాంకులో అడుగున రబ్బరు పైపు, దాని కొసకు చిన్న జల్లెడ ఉంటాయి. ఆయిల్ ఒంపేసి, కొస వంచిన తీగతో పైపును మూతి దాకా లాగండి. పదిహేనేళ్ల పైపు కాబట్టి గట్టిపడి ఉంటుంది. వేలితో వంచితే పగుళ్లు బయటపడతాయి. పగులు ఉంటే పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. మిషన్‌ను ఒక పక్కకు వంచినప్పుడు ఆయిల్ వచ్చి, ఇంకో పక్కకు వంచితే ఆగుతోందా? అయితే నేరుగా పైపునే అనుమానించండి. జల్లెడను పెట్రోలుతో కడగండి, చిరిగితే మార్చండి. పైపు బదులు సెలైన్ పైపు తొడిగి పంపే చిట్కా యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది. వద్దు. ఆయిల్‌లో నానితే ఆ ప్లాస్టిక్ కొన్నాళ్లకే కర్రలా అయిపోతుంది. రాణిగంజ్‌లో మిషన్ స్పేర్‌పార్టులు అమ్మే షాపులకు పాత పైపు పట్టుకెళ్లి, ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది అడగండి. మీ మోడల్‌కు అచ్చులో పోసిన వంపు పైపే దొరికితే అదే తీసుకోండి, మామూలు పైపును ఆ సందులో ఇరికించడం నరకం.

ఇవన్నీ చూశాకే పంపు. పంపు క్లచ్ వెనకాల దాక్కుని ఉంటుంది. క్లచ్‌కు ఉండేది ఎడమ మర. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. చాలామంది విప్పుతున్నామనుకుని బిగించి, మర తెంపుతారు. క్లచ్ తిరగకుండా ఆపడానికి ఫ్లైవీల్ రెక్కల్లో స్క్రూడ్రైవర్ గుచ్చకండి, రెక్క విరుగుతుంది. ప్లగ్ తీసి, పిస్టన్ పైకి వస్తూ సైలెన్సర్ వైపు దారిని మూసేశాక, ప్లగ్ రంధ్రంలోంచి శుభ్రమైన నైలాన్ తాడు లోపలికి దూర్చండి. ఒక కొస బయటే ఉండాలి. పిస్టన్ తాడుకు ఆనుకుని ఆగిపోతుంది. పిస్టన్ ఇంకా కిందే ఉండగా తాడు దూరిస్తే, అది ఆ దారిలోకి జారి అంచున తెగే ప్రమాదం ఉంది.

క్లచ్ తీశాక వార్మ్ గేర్ కనిపిస్తుంది. మర తిప్పినట్టుండే చిన్న గేరు ఇది. చాలా మోడళ్లలో ప్లాస్టిక్‌దే. ఇది తిరిగితే పంపులోని సన్నటి కడ్డీ తిరుగుతుంది. ఆ కడ్డీ మీద ఏటవాలు గాడి, ఆ గాడిలో కదలని ఒక పిన్ను ఉంటాయి. అందుకే కడ్డీ తిరుగుతూనే ముందుకీ వెనక్కీ కదులుతుంది, ఒకసారి ఆయిల్ పీల్చి, మరోసారి నెడుతుంది. నిమిషానికి వచ్చేది కొన్ని మిల్లీలీటర్లే. ఇంత చిన్న పంపు కాబట్టే రవ్వంత చెత్త చేరినా మొరాయిస్తుంది. ముందు పెట్రోలుతో కడిగి, కడ్డీని చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరిగితే పంపు బతికే ఉంది. వార్మ్ గేర్ పళ్లు కరిగి నున్నగా అయ్యాయంటే, బ్రేకు పడి ఉండగానే ఎవరో రేజ్ చేశారన్నమాట. ఆ రాపిడికి క్లచ్ డ్రమ్ము వేడెక్కి పక్కనున్న ప్లాస్టిక్‌ను మింగేస్తుంది. బాలానగర్‌లో లేత్ వాళ్ల దగ్గర ఇత్తడిది చేయించుకోవాలని కొందరికి అనిపిస్తుంది. నేను చెప్పను. పళ్ల కోణం కాస్త తేడా వచ్చినా గేరు మిగిలి పంపు కడ్డీ అరిగిపోతుంది.

ఇక పోసే ఆయిల్. మన దగ్గర కారు సర్వీసింగ్‌లో తీసిన నల్ల ఆయిల్ పోయడం అలవాటు, ఫ్రీగా వస్తుందని. అందులో ఉండే లోహపు పొడి పంపును, బార్‌ను అరగదీస్తుంది. పైగా ఆ ఆయిల్ తుంపరలుగా మీ చేతుల మీద, బట్టల మీద పడుతుంది, ఒంటికి చాలా చెడ్డది. మీ మిషన్‌లోని మడ్డికి కారణం అదే అయినా ఆశ్చర్యపోను. వంటనూనె పోసి నెలలు పక్కన పెడితే జిగురులా గట్టిపడుతుంది. చైన్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, చైను వేగానికి చిమ్మిపోకుండా అతుక్కునే గుణం దానికి ఉంటుంది. అది దొరకనప్పుడు కొత్త 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్‌తో సర్దుకోవచ్చు, మన ఎండలకు ఆ చిక్కదనం బాగానే సరిపోతుంది.

బార్ అంచు నీలం రంగుకు తిరిగి ఉంటే బాగా కాలిందని అర్థం. కొన దగ్గరి చక్రం చేత్తో తిప్పితే బిగుసుకుంటోందేమో చూడండి. అలా ఉంటే బార్, చైను రెండూ మార్చాకే పనిలోకి దించండి.

సందేహం: మా చైన్‌సాకు కావాల్సిన పార్టు నంబరు ఎలా తెలుసుకోవాలి? మాన్యువల్ పోయింది. నెట్‌లో దొరికింది ఇంగ్లిష్‌లో ఉంది, మా నాన్నకు అర్థం కావడం లేదు. (మేడ్చల్ నుంచి)

జవాబు: మోడల్ పేరు, సీరియల్ నంబరు సాధారణంగా మిషన్ ఒంటి మీద చిన్న ప్లేటుపైన చెక్కి ఉంటాయి, జిడ్డు తుడిస్తే కనిపిస్తాయి. ఆ మోడల్ పేరు పక్కన ‘పార్ట్స్ లిస్ట్ పీడీఎఫ్’ అని ఇంగ్లిష్‌లో వెతకండి. విడదీసిన బొమ్మ, ప్రతి ముక్కకూ నంబరు ఉన్న పేజీలు వస్తాయి. షాపులో అడగాల్సింది ఆ నంబరే, ‘ఆయిల్ పంపు’ అంటే వాళ్లు నాలుగు రకాలు ముందు పెడతారు. మీ నాన్నగారి కోసం ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి, పేజీకి ఎదురుగా పెట్టి ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఎంచుకోండి. వాక్యాలు కొంచెం వంకరగా వచ్చినా భావం తెలుస్తుంది. కాకపోతే ఎడమ మర, కుడి మర లాంటి చోట మాత్రం దాన్ని నమ్మి పానా పట్టకండి, అసలు ఇంగ్లిష్ వాక్యం ఇంకెవరితోనైనా చదివించుకోండి.

సందేహం: కూకట్‌పల్లి నుంచి. మా అపార్ట్‌మెంట్ జామచెట్టు కొమ్మల కోసం ఆన్‌లైన్‌లో ‘88వీఎఫ్’ బ్యాటరీ మినీ చైన్‌సా కొన్నాను. నాలుగు కొమ్మలకే చైను వేడెక్కి ఆగిపోతోంది. బ్యాటరీ వీక్ అయిందా?

జవాబు: ఆ 88 అంకెను పట్టించుకోకండి, అది అమ్మకం కోసం అతికించిన స్టిక్కరు. ఇలాంటివాటిలో సాధారణంగా ఉండేది అయిదు లిథియం సెల్స్, ఫుల్ చార్జిలో 21 వోల్టులు. మీ సమస్య బ్యాటరీ కాకపోవచ్చు. ఈ చిన్న మిషన్లలో చాలావాటికి ఆయిల్ పంపే ఉండదు. కొన్నిటికి బొటనవేలితో నొక్కే చిన్న బుడ్డి ఉంటుంది. అదీ లేకపోతే బ్యాటరీ తీసేసి, బార్ గాడిలో నాలుగైదు చుక్కల ఆయిల్ వేసి, చైనును గ్లౌజు చేత్తో ఒక చుట్టు లాగి, తర్వాత కోయండి. కొమ్మ కొమ్మకూ అదే పని. మణికట్టు కంటే లావున్న కొమ్మ జోలికి వెళ్లకండి. కొమ్మలు సరే గానీ చెట్టు మొత్తం తీసే ఆలోచన ఉంటే ముందు అనుమతి తెచ్చుకోండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అపార్ట్‌మెంట్ ఆవరణలోని చెట్లకూ వర్తిస్తుంది.