హైస్పీడ్ రైలు కోసం విదేశీ కంపెనీలు పోటీ పడితే కొనే దేశానికి లాభమేనా?

మీరు అడిగింది ఇది: జపాన్, యూరప్, చైనా కంపెనీలు పోటీకి వస్తే ధర తగ్గుతుంది కదా, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు, చెన్నైకి వేస్తామంటున్న లైన్లకు కూడా అందరినీ పిలిస్తే సరిపోదా?

పిలవాల్సిందే. కానీ పోటీ వల్ల వచ్చే లాభం సంతకం పెట్టే రోజు వరకే. ఆ తర్వాత పైచేయి అమ్మేవాడిది అవుతుంది. నేను రైల్వే సిగ్నలింగ్ ఇంజనీరుని. మన దేశంలో ఒక మెట్రో ప్రాజెక్టులో పనిచేసి, తర్వాత కొన్నేళ్లు తైవాన్‌లోని శించూలో ఉన్నాను. మీ ప్రశ్నకు తైవాన్ కథ కన్నా మంచి జవాబు నాకు తెలియదు.

1997లో అక్కడ రెండు గ్రూపులు పోటీకి దిగాయి. ఒకదాని వెనక ఫ్రాన్స్, జర్మనీ కంపెనీలు కలిసి పెట్టిన యూరోట్రెయిన్ ఉంది. రెండోది జపాన్ బుల్లెట్ రైలు షింకాన్‌సెన్‌తో వచ్చింది. యూరప్ వాళ్లతో జట్టు కట్టిన గ్రూపు, ప్రభుత్వం పైసా పెట్టుబడి పెట్టనక్కర్లేదని చెప్పి గెలిచింది. 1998 మేలో యూరోట్రెయిన్ ఫ్రెంచ్ డబుల్ డెక్కర్ బోగీలకు జర్మన్ ఇంజన్లు తగిలించి, జర్మనీలో గంటకు 316 కిలోమీటర్ల వేగంతో నడిపి చూపించింది కూడా.

సరిగ్గా నెల తిరిగేసరికి జర్మనీలో ఎషెడె దగ్గర హైస్పీడ్ రైలు పట్టాలు తప్పి 101 మంది చనిపోయారు. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది, 2,400 మందికి పైగా పోయారు. భూకంపాల దేశంలో 1964 నుంచి హైస్పీడ్ రైళ్లు నడుపుతున్న జపాన్ వైపు అందరి చూపూ మళ్లింది. జపాన్ వాళ్లు ధరలోనూ అప్పులోనూ మెరుగైన మాట చెప్పారు. 1999 డిసెంబరులో, పోటీలో గెలిచిన ఆ తైవాన్ గ్రూపే యూరప్‌ను వదిలి రైళ్ల కోసం జపాన్‌ను ఎంచుకుంది. షింకాన్‌సెన్ జపాన్ దాటి వెళ్లడం అదే మొదలు. యూరోట్రెయిన్ ఊరుకోలేదు, అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. చివరికి 2004లో 6.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇంతవరకు చూస్తే పోటీ బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. రైళ్లు జపాన్‌వి అని తేలేసరికి లైన్ డిజైన్ యూరప్ పద్ధతిలో సాగిపోయింది. సొరంగాలు జపాన్‌లో కంటే వెడల్పు, రైలు లోపలికి దూరినప్పుడు గాలి ఒత్తిడి తక్కువ. అందుకే అక్కడ నడిచే 700టీ రైలు ముక్కు జపాన్‌లోని 700 సిరీస్ ముక్కు కంటే పొట్టిగా ఉంటుంది. ఎప్పుడైనా ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. పట్టాలు మారే చోట పాయింట్లు జర్మనీ నుంచి వచ్చాయి, సిగ్నలింగ్ జపాన్‌ది. మొదట్లో నడిపినవాళ్లలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన డ్రైవర్లు ఉన్నారు. 2005 అక్టోబరులో మొదలవ్వాల్సిన లైన్ 2007 జనవరి 5న మొదలైంది.

ఇది ఎందుకింత కష్టమో బయటివాళ్లకు అర్థం కాదు కాబట్టి కొంచెం చెబుతాను. రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారాలంటే పాయింట్ బ్లేడు జరిగి పక్క పట్టాకు గట్టిగా అతుక్కోవాలి. అతుక్కుందా లేదా అని ఒక కాంటాక్ట్ చూసి సిగ్నలింగ్‌కు చెబుతుంది. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల సందు ఎక్కువైనా సిగ్నల్ ఎర్రగానే ఉండిపోతుంది. ఎంత సందు వరకు ఒప్పుకోవాలి, వైరు ఎక్కడిదాకా ఎవరిది, ఫెయిలైతే ఎవరు రావాలి అనేవి పాయింట్ చేసినవాళ్లూ సిగ్నలింగ్ చేసినవాళ్లూ కలిసి తేల్చుకోవాలి. నేను పనిచేసిన మెట్రోలో రైళ్లు ఒక దేశానివి, సిగ్నలింగ్ ఇంకో దేశానిది. ఇంటర్‌ఫేస్ మీటింగ్ ఉందంటేనే అందరికీ టెన్షన్. ఒకరు "మా డాక్యుమెంటులో లేదు" అంటారు, రెండోవాళ్లూ అదే మాట అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ మధ్య ఖాళీని పూడ్చాల్సింది కొనేవాళ్ల ఇంజనీర్లు. వాళ్లు గట్టివాళ్లు కాకపోతే ఎంత మంచి కంపెనీని తెచ్చినా పని సాగదు.

తైవాన్ ఇంజనీర్లు దాన్ని పూడ్చారు. ఆ రైలు మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. తైపే నుంచి దక్షిణాన జ్వోయింగ్ దాకా 300 వేగంతో, చెప్పిన టైముకు దింపుతుంది. శించూలో మా ఆఫీసువాళ్లు తైపేలో మీటింగ్ పెట్టుకుంటే కారు ఊసే ఎత్తేవారు కాదు. డబ్బు విషయం మాత్రం వేరే. పైసా అక్కర్లేదన్న ప్రాజెక్టు అప్పుల్లో కూరుకుపోయింది. 2015లో ప్రభుత్వమే అతిపెద్ద వాటాదారు కావాల్సి వచ్చింది, నడుపుకునే గడువు 35 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది.

ఇంకా అసలు దెబ్బ రైళ్లు పెంచుకోవాలనుకున్నప్పుడు తగిలింది. ఉన్న వ్యవస్థకు సరిపోయే రైళ్లు ఇవ్వగలిగింది జపాన్ కంపెనీలే. హిటాచీ, తోషీబా కలిసి చెప్పిన ధర మరీ ఎక్కువని టెండర్ రద్దు చేశారు. మళ్లీ పిలిచారు, మళ్లీ కుదరలేదు. చివరికి 2023లో ఆ ఇద్దరికే 12 రైళ్ల ఆర్డర్ వెళ్లింది, దాదాపు 12,400 కోట్ల యెన్లకు. 1999లో ఇద్దరు అమ్మేవాళ్లు తలుపు తట్టిన చోట, ఇరవై ఏళ్లు తిరిగేసరికి జపాన్ ఒక్కటే మిగిలింది.

కొరియా దీన్ని బాగా నడిపించింది. ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ మధ్య పోటీ పెట్టి, 1994లో ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకుంది. 46 రైళ్లలో 12 ఫ్రాన్స్‌లో, మిగిలిన 34 కొరియాలోనే కట్టాలన్నది అందులో షరతు. 2010కల్లా సొంత డిజైన్ రైలు పట్టాలెక్కింది. ఇండోనేషియా మాత్రం 2015లో జపాన్‌ను కాదని, ప్రభుత్వ గ్యారంటీ అడగని చైనాకు జకార్తా–బాండుంగ్ లైన్ ఇచ్చింది. ఖర్చు అనుకున్నదాని కంటే 100 కోట్ల డాలర్లకు పైగా పెరిగింది. ఆ అప్పు ఎవరు మోయాలన్నది అక్కడ ఇంకా రాజకీయమే.

మన ముంబై–అహ్మదాబాద్ లైన్‌కు రైళ్ల విషయంలో ఇలాంటి పోటీ జరగలేదు. 0.1 శాతం వడ్డీ, 50 ఏళ్ల గడువుతో జపాన్ అప్పు వచ్చింది, దానితోపాటే షింకాన్‌సెన్ వచ్చింది. 2024లో మన ప్రభుత్వ రంగ కంపెనీ బీఈఎంఎల్‌కు గంటకు 280 కిలోమీటర్ల వేగం కోసం రెండు రైళ్ల ఆర్డర్ ఇవ్వడం నాకు చాలా సంతోషం కలిగించింది. మొదటి రైళ్లలో లోపాలు ఉండొచ్చు, ఉన్నా ఫరవాలేదు.

కాబట్టి హైదరాబాద్ లైన్లకు టెండర్ పిలిచే రోజు వస్తే పేపర్లలో మొదటి ధర, వడ్డీ మాత్రమే చూడకండి. సిగ్నలింగ్ ఏ ప్రమాణంలో ఉంది, వేరే కంపెనీ రైలు దాని మీద నడవగలదా, డ్రాయింగులు, సాఫ్ట్‌వేర్ మన చేతికి వస్తాయా, ఇరవై ఏళ్ల తర్వాత స్పేర్ పార్టులు ఎవరెవరి దగ్గర దొరుకుతాయి అనేవి వెతకండి. వీటికి ఒప్పందంలో రాతపూర్వకంగా జవాబు ఉంటే ఏ దేశం కంపెనీ గెలిచినా నాకు అభ్యంతరం లేదు.