పదికి తొమ్మిది ఎందుకు వేశాడో అడగండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా అబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన అమ్మే పాత పుస్తకాలు సంచి నిండా తెచ్చుకుంటాడు. అన్నీ రెండే రకాలు: యుద్ధాల చరిత్ర, కార్లకు మార్పులు చేయడం. చదివాక నోటుబుక్కులో రెండు ముక్కలు రాసి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. 1971 యుద్ధం మీది పుస్తకానికి ‘చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి, 9/10’ అని, టర్బోచార్జర్ల (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రాలు) పుస్తకానికి ‘లెక్కలు ఎక్కువ, ఫొటోలు తక్కువ, 5/10’ అని రాశాడు. ఒకరోజు పుస్తక సమీక్షలు రాస్తూ బతుకుతానంటాడు, మరోరోజు కార్ల గ్యారేజీ పెడతానంటాడు. ఈ పిచ్చికి ఏదైనా దారి ఉందా? మా పాత కారుకు పెద్దగా మోగే సైలెన్సర్ వేయించమని కూడా పోరుపెడుతున్నాడు. — ఒక తండ్రి, వరంగల్

జవాబు: చదివిన పుస్తకానికి మార్కులు వేసి, ఎందుకు వేశాడో రాసుకునే ఇంటర్ కుర్రాడు నా దగ్గరికి అరుదుగా వస్తాడు. కాబట్టి పిచ్చి అన్న మాట కాసేపు పక్కన పెడదాం. ఆ మార్కులు వేసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. మీరు రాసినదాన్ని బట్టి, ఐదు తెచ్చుకున్న పుస్తకమే మంచిదేమోనని నా అనుమానం. టర్బోచార్జర్ల మీద లెక్కలు లేకుండా రాస్తే అది బొమ్మల పుస్తకమే అవుతుంది. మీరడిగింది భవిష్యత్తు గురించే అయినా, జవాబు ఆ నోటుబుక్కులోనే ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

తొమ్మిది మార్కుల పుస్తకంలో విశాఖపట్నం గురించిన అధ్యాయం తీయించండి. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. అందులో ఉన్నవారెవరూ బతకలేదు. ఇంతవరకు రెండు దేశాలూ ఒప్పుకుంటాయి. ఎలా మునిగిందన్న దగ్గరే తేడా వస్తుంది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) తగిలి మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. ఘాజీ తాను నీళ్లలో పరిచిన మందుపాతరకే తగిలిందనీ, లోపలే పేలుడు జరిగిందనీ పాకిస్తాన్ వైపు కథనాలు. మన సైన్యంలో పెద్ద పదవుల్లో పనిచేసి రిటైరైనవారిలోనూ అది ప్రమాదమే అన్నవారున్నారు. మంచి రచయిత ఈ కథనాలన్నీ మన ముందు పెట్టి, తాను దేన్ని నమ్ముతున్నాడో, ఏ కాగితం చూసి నమ్ముతున్నాడో చెబుతాడు. మీవాడి పుస్తకం రెండో కథనం ఊసే ఎత్తకపోతే తొమ్మిదిలోంచి మూడు తీసేయమనండి. దేశభక్తికి దానివల్ల వచ్చే లోటేమీ లేదు. ఘాజీ వేటాడటానికి వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. ఘాజీ ఎలా మునిగినా మన నౌకాదళం ఎత్తు పారినట్టే.

రోమాలు నిక్కబొడుచుకోవడం తప్పు కాదు, నాకూ నిక్కబొడుచుకుంటాయి. కానీ అది రచయిత కలం బలాన్ని చెబుతుంది. పుస్తకంలో ఎంత నిజముందో చెప్పదు.

తర్వాత చూడాల్సింది సంఖ్యలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 సెప్టెంబరు 15న తమ మీదికి వచ్చిన జర్మన్ విమానాల్లో 185 కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం అయ్యాక జర్మన్ల రికార్డులు తీసి చూస్తే ఆ సంఖ్య 60 దరిదాపుల్లో తేలింది. ఇందులో కావాలని ఆడిన అబద్ధం వెతకనక్కర్లేదు. గాలిలో గందరగోళం మధ్య ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కాలుస్తారు, ప్రతివాడూ తన లెక్కలో రాసుకుంటాడు. అందుకే శత్రువుకు ఇంత నష్టం జరిగిందని ఎక్కడ కనబడినా, ఆ లెక్క కాల్చినవాడిదా, పోగొట్టుకున్నవాడిదా అని అడగడం మీవాడికి అలవాటు కావాలి.

ఇక యుద్ధంలో ఉన్నవాడే రాసిన పుస్తకం. ‘కళ్లారా చూసినవాడు, ఇంకేం కావాలి’ అని కుర్రాళ్లు దానికి పదికి పది వేసేస్తారు. 1962 చైనా యుద్ధం తీసుకోండి. సైన్యంలో నాలుగో కోర్ అనే పెద్ద దళానికి అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ 1967లో తన పుస్తకం తెచ్చారు. ఆయన కింద ఈశాన్య సరిహద్దులోని నమ్‌కా చూ లోయలో ఏడో బ్రిగేడ్‌ను నడిపి, చైనా సైన్యానికి బందీగా చిక్కిన బ్రిగేడియర్ జాన్ దల్వీ 1969లో తన పుస్తకం తెచ్చారు. ఇద్దరూ అక్కడ ఉన్నవారే. ఒకరు తన మీద పడ్డ నిందకు జవాబు చెప్పుకోవాలి, మరొకరు తన మనుషుల్ని అక్కడికి తోసింది ఎవరో చెప్పాలి. ఆ ఓటమిపై సైన్యమే తయారుచేయించిన హెండర్సన్ బ్రూక్స్-భగత్ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. కనుక పాఠకుడు ఈ రెండు పుస్తకాలనూ ఎదురెదురుగా పెట్టుకుని చదవాల్సిందే. ఒక్కటే చదివి మార్కులు వేస్తే ఒక పక్షం వాదన విని తీర్పు చెప్పినట్టే.

మన బొబ్బిలికీ ఇదే వర్తిస్తుంది. 1757 జనవరి యుద్ధాన్ని ఇంగ్లిష్‌లో రాసిన రాబర్ట్ ఓర్మ్ అప్పుడు మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు, కోట దగ్గర లేడు. మన జంగం కథలు వీరుణ్ని నిలబెట్టడానికి పాడినవి. రెండూ కావాలి, రెండింటినీ తూచాలి.

కార్ల పుస్తకాల దగ్గర పరీక్ష మరింత కఠినం. చరిత్ర పుస్తకాన్ని గుడ్డిగా నమ్మితే వాదనలో ఓడిపోతాం. ఇంజన్ పుస్తకాన్ని గుడ్డిగా నమ్మితే పిస్టన్ కాలిపోతుంది. అబిడ్స్‌లో దొరికేవి ఎక్కువగా అమెరికాలోనో, బ్రిటన్‌లోనో అచ్చయినవి. అమెరికా పుస్తకంలో ‘91 ఆక్టేన్ పెట్రోలు చాలు’ అని ఉంటుంది. వేళకాని వేళ పేలకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. మీవాడు మన బంకుల్లో చాలాకాలం దొరికిన మామూలు పెట్రోలూ 91 కదా అని సంబరపడతాడు. ఆ రెండు తొంభై ఒకట్లూ ఒకటి కావు. మన దగ్గర రాసేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, అంటే ఆర్‌వోఎన్. అమెరికా బంకు మీద రాసేది ఆర్‌వోఎన్, మోటార్ ఆక్టేన్ రెండింటి సగటు. వాళ్ల 91 మన లెక్కలో ఇంచుమించు 95 అవుతుంది. ఆ పుస్తకం చూసి ఇంజన్‌లో కంప్రెషన్ (సిలిండర్లో గాలినీ ఇంధనాన్నీ అణిచే నిష్పత్తి) పెంచి, మన 91 పెట్రోలు పోస్తే సిలిండర్లో ఇంధనం వేళకాని వేళ పేలి ‘నాక్’ కొడుతుంది. రచయిత తప్పేమీ రాయలేదు, ఆయన మనకోసం రాయలేదంతే. పుస్తకం ఏ దేశంలో, ఏ సంవత్సరంలో అచ్చయిందో మొదటి పేజీలోనే చూసుకోమనడం ఇందుకే.

సంవత్సరం కూడా చిన్న విషయం కాదు. 1972కు ముందు అమెరికా కంపెనీలు ఇంజన్‌ను విడిగా స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటివి లేకుండా కొలిచిన హార్స్‌పవర్‌ను చాటుకునేవి. ఆ తర్వాత అన్నీ బిగించి కొలవడం మొదలయ్యేసరికి అదే ఇంజన్ కాగితం మీద పదుల హార్స్‌పవర్ పోగొట్టుకుంది. కాబట్టి ‘ఈ మార్పుతో శక్తి 30 శాతం పెరిగింది’ అన్న వాక్యం కనబడగానే అడగాల్సినవి ఉన్నాయి. ఇంజన్ దగ్గర కొలిచారా, చక్రాల దగ్గరా? ముందూ వెనకా ఒకే యంత్రం మీద కొలిచారా? కొలిచినవాడు ఆ విడిభాగాన్ని అమ్మేవాడేనా? 185 విమానాల లెక్కను ఏ ప్రశ్నతో పట్టుకున్నామో, దీన్నీ ఆ ప్రశ్నతోనే పట్టుకోవచ్చు. మీవాడు ఈ రెండు రకాల పుస్తకాలనూ ఒకేసారి చదవడం నాకు ముచ్చటగా ఉన్నది అందుకే.

పాత పుస్తకాల్లో సస్పెన్షన్, బ్రేకులు, గాలి ప్రవాహం గురించి రాసినవి ఇవాళ్టికీ పనికొస్తాయి, భౌతికశాస్త్రం మారలేదు కనుక. ఇంజన్‌ను కంప్యూటర్ నడిపించే భాగాలు త్వరగా పాతబడతాయి. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర పొగ కాలుష్యంపై బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి, తర్వాత పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చింది. పాతికేళ్ల నాటి పుస్తకానికి ఇవేవీ తెలియవు.

ఆ ఐదు మార్కుల పుస్తకాన్ని మళ్లీ తెరిపించండి. అందులో కంప్రెసర్ మ్యాప్ అనే గీతల బొమ్మ ఉండే ఉంటుంది. అడ్డంగా గాలి పరిమాణం, నిలువుగా పీడన నిష్పత్తి, మధ్యలో టర్బో ఎక్కడ సమర్థంగా పనిచేస్తుందో చూపే, వేలిముద్ర గీతల్లాంటి వలయాలు. తన ఇంజన్‌కు ఇన్ని ఆర్‌పీఎం దగ్గర ఎంత గాలి కావాలో లెక్కగట్టి, ఆ బొమ్మ మీద చుక్క పెట్టి, అది వలయాల నడుమ పడుతుందో బయట పడుతుందో చూడటం నేర్పిస్తే ఆ పుస్తకానికి ఎనిమిది వేయొచ్చు. ఆ లెక్కకు కావలసింది ఇంటర్‌లో చదివే వాయు నియమాలే. మీ కారునే ఉదాహరణగా తీసుకుని కాగితం మీద చేయమనండి. చేస్తే ఇంజనీరింగ్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పుస్తక సమీక్ష జీతం ఇచ్చే ఉద్యోగం కాదు. తెలుగులో అయితే మరీను, పత్రికలో సమీక్ష అచ్చయితే చేతిలో ఆ పుస్తకం మిగులుతుంది. దాన్ని అభిరుచిగా ఉంచుకోమనండి. అందులో పదునెక్కిన చూపుకు మాత్రం వేరేచోట్ల గిరాకీ ఉంది.

ఏ చోటో తెలియాలంటే వాడి పుస్తకాల్లో ఏ పేజీలు నలిగాయో చూడండి. లెక్కలు, పట్టికల పక్కన పెన్సిల్ గీతలుంటే మెకానికల్ లేదా ఆటోమొబైల్ ఇంజనీరింగ్. సైనిక వాహనాల అధ్యాయాలు నలిగితే మీ పక్కనే రెండు చోట్లున్నాయి. సైన్యంలో ట్యాంకు నుంచి జీపు దాకా అన్నింటి మరమ్మతు చూసే ఈఎంఈ విభాగం వారి శిక్షణ కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది. పదాతి దళాన్ని మోసే యుద్ధ వాహనాలు తయారుచేసే ఫ్యాక్టరీ సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. ట్యాంకుల రూపకల్పన మీద డీఆర్‌డీవో పరిశోధనశాల చెన్నై దగ్గర ఆవడిలో పనిచేస్తుంది. ఇంటర్ ఎంపీసీతో సైనికాధికారుల శిక్షణకు ప్రవేశ పరీక్ష అయిన ఎన్‌డీఏ రాయొచ్చు. సైన్యం టెక్నికల్ ఎంట్రీకి జేఈఈ మెయిన్ రాసి ఉండాలి, మిగతా అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

నలిగింది పేజీ అడుగున ఉండే అధోజ్ఞాపికలూ, పటాలూ అయితే ఆ అబ్బాయి చరిత్ర మనిషి. ఎంపీసీ చదివినా బీఏ చేయొచ్చు, ఎవరూ అడ్డుపడరు, బంధువులు తప్ప. మద్రాసు విశ్వవిద్యాలయంలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. సైనిక రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో విధానం ప్రకటించింది. అది సరిగా అమలైతే ఆ కాగితాలు చదివి తూచగలిగేవారు కావాలి. ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, ఆ మాట దాచను.

రెండూ సమానంగా నలిగాయంటే తల్లిదండ్రులకు తట్టని దారులు రెండు చెబుతాను. ఒకటి, సాంకేతిక పత్రాల రచన. విమానాలకూ సైనిక వాహనాలకూ వేల పేజీల మరమ్మతు పుస్తకాలు ఎస్1000డి అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారవుతాయి. ఇంజనీరింగ్ తెలిసి, వాక్యం తప్పు లేకుండా రాయగలిగేవారు ఆ పనికి సులభంగా దొరకరు. రెండోది, బీమా సర్వేయర్. ఇంజనీరింగ్ చదివాక శిక్షణ, పరీక్ష పూర్తిచేసుకుని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు తీసుకోవాలి. ప్రమాదానికి గురైన కారును చూసి, యజమాని చెప్పే కథకూ లోహం చెప్పే కథకూ పొంతన ఉందో లేదో తేల్చడమే పని. ఘాజీ అధ్యాయాన్ని సరిగా చదవగలిగినవాడు దీన్నీ చేయగలడు.

గ్యారేజీ విషయంలో మీరిద్దరూ చట్టం తెలుసుకోవాలి, ఆ విదేశీ పుస్తకాల్లో ఇది ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో సరిపోకుండా పోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అనుమతి ఉన్న దారులూ లేకపోలేదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్లు, ఎలక్ట్రిక్ కిట్లు బిగించడం, దివ్యాంగులు నడిపేందుకు వీలుగా కార్లను మార్చడం, ట్రాకు మీద పరుగెత్తే రేసు కార్లు తయారుచేయడం. దివ్యాంగుల కార్ల పని చేసేవారు మన జిల్లాల్లో మరీ తక్కువ, నిజాయతీగా చేస్తే గౌరవమూ ఆదాయమూ రెండూ ఉన్న పని. ఇంజనీరింగ్‌లో చేరితే బాహా పోటీ ఉంది. విద్యార్థులు ఒంటరి సీటు బండిని తామే తయారుచేసి, ప్రతి భాగం ఎందుకలా పెట్టారో న్యాయనిర్ణేతల ముందు సమాధానం చెప్పుకోవాలి. మీవాడి సరదా తీరేది అక్కడే.

ఇక ఆ సైలెన్సర్: వద్దు. అసలు సైలెన్సర్ పనిచేసేది ఎలాగో, దానికి ముందు ఉండే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎందుకుందో రెండు పేజీలు రాసి చూపించమనండి. రాసినా వేయించకండి. బండి మీ పేరు మీద ఉంది, చలానా వచ్చేది మీకే.